వదినగారి ఎడమకన్ను

ఆసుపత్రిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గర కూర్చునే మనిషిదాకా అందరికీ ఆమె కదలకండమ్మే. పొద్దున గది తాళం తీసింది మొదలు సాయంత్రం దీపాలార్పేదాకా ఆమె నోట అత్యధికంగా వెలువడే మాట "కదలకండి" కనుక, దానికి మర్యాదగా ఒక అమ్మను తగిలించి ప్రజలే ప్రసాదించిన బిరుదు అది. సభా, సన్మానమూ లేకుండా దక్కింది కాబట్టి నిజాయితీ గల బిరుదనే అనుకోవాలి.

ఆమె చేసే పని కళ్లకు ఫోటోలు తీయడం. కళ్లంటే కవులు వర్ణించే కళ్లు కావు. కనుబొమలూ రెప్పలూ వాటి బరువులూ ఆమె కెమెరాకు అక్కర్లేదు. దానికి కావలసింది మనమంతా నల్లగుడ్డు అని తేలిగ్గా తీసిపారేసే ఆ చిన్న గుండ్రని బిళ్ల. దగ్గరికెళ్లి చూస్తే అది నల్లగా ఉండనే ఉండదు. తేనెరంగు, తుప్పురంగు, ఎండుటాకురంగు పోగులు పోగులుగా నేసినట్టుంటుంది. నలుపంతా మధ్యలో ఉన్న కంటిపాపదే. ఏ కారణం చేతనైనా ఒక కన్ను పోగొట్టుకున్నవాళ్లకు, మిగిలిన కంటి ఫోటో తీసి, సరిగ్గా అంతే కొలతలో బిళ్లగా అచ్చువేసి, దాన్ని తెల్లటి గుల్లలో పొదిగి కృత్రిమ కన్ను తయారుచేస్తారు. ఫోటో తీసేది పై అంతస్తులో ఈమె. నేలమాళిగలో కూర్చుని సన్నకుంచెతో రంగు సరిదిద్ది, పొదిగేది రంగులాయన. వాళ్లిద్దరి మధ్య ఎప్పుడూ చిన్నపాటి యుద్ధం నడుస్తూనే ఉంటుంది. "మీ ఫోటోలో ఎరుపెక్కువ" అని ఆయన, "మీ కళ్లద్దాలు తుడుచుకోండి" అని ఈమె.

ఇక ఆ కెమెరా అంత తేలిగ్గా ఎవరికీ లొంగే రకం కాదు. బల్లకు బిగించి ఉంటుంది. ముందు గడ్డం ఆనించడానికి ఒక దిమ్మ, నుదురు ఆనించడానికి ఒక పట్టీ, రెండు పక్కలా మెరుపు దీపాలు. ఎదురుగా కొండను నిలబెట్టినా దానికి మసకే. జానెడు దూరంలో ఉన్న బిళ్లలో మాత్రం ఒక్కో పోగూ లెక్కపెట్టుకునేలా చూపిస్తుంది. అయితే ఆ మనిషి వెంట్రుకవాసి ముందుకొచ్చినా మసక, వెనక్కెళ్లినా మసక, నిట్టూర్చినా మసక. మనుషులేమో జీవితంలో ఎన్నడూ లేనిది సరిగ్గా ఆ కుర్చీలో కూర్చున్నాకే నిట్టూరుస్తారు.

అంతకుముందు ఆమె పాస్‌పోర్టు ఫోటోల దుకాణంలో పనిచేసింది. అక్కడ నవ్వొద్దంటే నవ్వేవారు. ఇక్కడ ఎవరూ నవ్వమనకుండానే నవ్వుతారు. నవ్వితే బుగ్గలు పైకి లేస్తాయి, కన్ను చిన్నదవుతుంది, ఫోటో చెత్తబుట్టలోకి పోతుంది. ఒకాయనైతే కూర్చోబోయే ముందు జేబులోంచి దువ్వెన తీశాడు.

"అయ్యా, మీ జుట్టు ఇందులో పడదు."

"పడకపోతే పోనీ. ఫోటో ఫోటోయే కదమ్మా" అని తల దువ్వుకుని, కాలరు కూడా సర్దుకున్నాడు.

ఇంకొకావిడ తెరమీద తన కంటిబిళ్లను చూసి, "ఇది నాది కాదు. మా ఇంట్లో అందరివీ నల్లటి కళ్లే" అని, ఎవరిదో తెచ్చి తనకు అంటగడుతున్నారని డాక్టరుకు ఫిర్యాదు చేసింది. ఇన్ని జరిగినా కదలకండమ్మ ఒకరిమీద చెయ్యి చేసుకోలేదంటే అది ఆమె గొప్పతనమేం కాదు. గడ్డం దిమ్మ మీదున్న మనిషిని కొడితే కెమెరా కదులుతుంది.

అలాంటి మనిషికి విధి ఆ ఏడాది తన సొంత వదినగారినే తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది.

వదినగారంటే భర్తకు అక్క. వాళ్లతోనే ఉంటుంది. నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ వెనక ఉద్యోగం చేసి రిటైరైంది. ఆ కిటికీకి అటువైపు నిలబడినవాళ్లు చాలామంది ఫిర్యాదు మానుకుని, ఆమె ఆరోగ్యం బాగుందా అని అడిగి వెళ్లిపోయేవారట. రిటైరయ్యాక అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శి అయింది. ఎవరి బండి ఎక్కడ పెట్టాలి, మోటారు ఎప్పుడు వెయ్యాలి, మెట్లమీద చెప్పులెవరు వదిలారు అన్నీ ఆమె కనుసన్నల్లోనే జరిగేవి. అప్పుడు ఎడమకంటిలో గడ్డ లేచింది. కన్ను తీసెయ్యాల్సొచ్చింది. ప్రాణానికి ఢోకా లేదన్నారు. ప్రాణానికి ఢోకా లేదుగానీ, మనిషి నల్లద్దాలు పెట్టుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. మళ్లీ వీధి మొహం చూడలేదు. కింద సంఘం వాళ్లు పార్కింగు కోసం కొట్టుకుంటున్న గోల కిటికీలోంచి వినబడితే, లేచి వెళ్లి కిటికీ మూసేది. కదలకండమ్మకు నిజంగా భయం వేసింది అప్పుడే. మనిషి తిట్టినా ఫరవాలేదు, తిట్టడం మానేస్తేనే ఇంట్లో వెలితి.

"వదినా, కన్ను పెట్టించుకుంటే ఎవరికీ తెలీదు. నేనే దగ్గరుండి చేయిస్తాను" అని ఎన్నాళ్లో పోరింది.

"ఎందుకే? ఇక నా బతుకంతా ఈ నాలుగు గోడల మధ్యే. గోడలకి చూపించుకోనా కన్ను?"

భర్తను రాయబారం పంపింది. ఆయన పేపరు మడిచి, అక్కగారి గదిలోకి వెళ్లి, ఆవిడ చెప్పిందంతా తల ఊపుతూ విని వచ్చాడు.

"ఏమన్నారు?"

"అక్క చెప్పేదాంట్లోనూ న్యాయం ఉంది" అని మళ్లీ పేపరు విప్పాడు.

ఇలా ఇంటా బయటా నెగ్గుకురాలేక చివరికి కదలకండమ్మ సహనం కోల్పోయి, "సరే వదినా, మీ ఇష్టం. సంఘం వాళ్లు మీ బదులు మూడో అంతస్తాయన్ని కార్యదర్శిగా పెట్టుకుంటారట, పెట్టుకోనీండి" అంది. మూడో అంతస్తాయన లిఫ్టులో సైకిలు ఎక్కించే మనిషి. వదినగారు మర్నాడే ఆటో పిలవమంది.

కుర్చీలో కూర్చున్నాక అసలు ముచ్చట మొదలైంది.

"గడ్డం ఆనించండి వదినా."

"ఎంతమంది ఆనించారో దీనిమీద."

"తుడిచాను."

"నువ్వు తుడవడం నాకు తెలీదూ? మన డైనింగు టేబులు చూస్తున్నానుగా."

"మాట్లాడకండి, కదులుతోంది. నా వేలు చూడండి."

"చూస్తూనే ఉన్నాను. ఆ గోరు కాస్త కత్తిరించుకోవచ్చుగా."

మాటకు ఒక ఫోటో మసకబారింది. మధ్యమధ్య మౌనం దొరికినప్పుడు వదినగారు నిట్టూర్చింది. కదలకండమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. కానీ వీటన్నిటికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది, అది వదినగారికి తెలియదు. బతికున్న కంటిపాప వెలుతురులో చిన్నదవుతుంది, చీకట్లో పెద్దదవుతుంది. చేసిన కంటికి ఆ వెసులుబాటు లేదు. పాప ఎంత కొలతలో అచ్చుపడితే జన్మంతా అంతే. కాబట్టి మనిషి ఎక్కువగా ఏ వెలుతురులో బతుకుతుందో చూసుకుని, ఫోటో కూడా ఆ వెలుతురులోనే తీయాలి. మామూలుగా మధ్యస్థంగా ఒక కొలత పెట్టి సరిపెడతారు. కానీ సొంత మనిషికి మధ్యస్థం ఏం బాగుంటుంది? అందుకని ఆమె ఎవరినీ అడక్కుండా, గదిలో దీపాన్ని తిప్పి తిప్పి, కర్టెను వేసిన వదిన గది ఎంత మసగ్గా ఉంటుందో అంత మసగ్గా చేసింది. పాప విచ్చుకుంది. ఎట్టకేలకు వదినగారు తుమ్ము రాబోతోందని బిగబట్టిన క్షణంలో అద్భుతమైన ఫోటో పడింది. ఆ తర్వాత తుమ్మింది.

రంగులాయన బిళ్ల తయారుచేసి, చివరి పూత వెయ్యకముందు సరిచూసుకోవడానికి గుల్లకు అంటించి, ఇద్దరినీ నేలమాళిగకు పిలిచాడు. కన్ను అమర్చి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూశాడు.

"అమ్మా, నా చేత్తో చేసి నేనే పోల్చుకోలేకపోతున్నాను."

అతిశయోక్తి కాదు. ఆ ట్యూబులైటు కింద రెండు కళ్లూ కవలపిల్లల్లా ఉన్నాయి. కదలకండమ్మ ఈసారి ఆయన కళ్లద్దాల ఊసెత్తలేదు.

వదినగారు మాత్రం చేతి అద్దం తీసుకుని, మెట్లెక్కి, ఎండ పడుతున్న తలుపు దగ్గరకెళ్లి నిలబడింది. కాసేపటికి అక్కణ్నుంచి ఫిర్యాదుల కిటికీ నాటి గొంతు వినబడింది.

"ఏమయ్యా! ఇటు రా. నువ్వు కూడా రావే."

ఇద్దరూ పరుగెత్తారు.

"చూడండి. ఇది ఆవగింజ. అది మిరియం గింజ. ఈ రెండూ ఒకే మొహం మీదుంటే జనం ఏమనుకుంటారు?"

ఎండకు కుడికంటి పాప ముడుచుకుపోయింది. ఎడమది ఇంకా మసక గదిలోనే ఉన్నట్టు విచ్చుకుని కూర్చుంది. రంగులాయన నెమ్మదిగా కదలకండమ్మ వైపు తిరిగాడు. నేరం తనది కాదని ఆయన మొహమంతా రాసుంది.

"కొలత మీరిచ్చిందే కదండీ, ఇంటి వెలుతురని."

"ఇంటి వెలుతురా? ఎవరు చెప్పారు నీకు?" అంది వదినగారు.

"మీరే కదా వదినా! బతుకంతా ఈ నాలుగు గోడల మధ్యే అన్నారుగా!"

"అంటాను. మనసు బాగోనప్పుడు మనిషి సవాలక్ష అంటుంది. అన్న మాటనల్లా పట్టుకుని కళ్లు చేయిస్తావుటే?"

"మరి నేనేం చెయ్యను? మిమ్మల్ని ఒక మాట అడగాలంటే..."

"ఇంట్లో నన్ను చూసేదెవరు? నువ్వూ, నా తమ్ముడూ. నీకు తీరిక లేదు, వాడు పేపర్లోంచి తలెత్తడు. మీ ఇద్దరికోసం కన్నెందుకు, నల్లద్దాలు చాలవూ? నాకు కావలసింది ఎండలో కన్ను. మీటింగులు కింద ఆవరణలో పెడతారు, పట్టపగలు."

కదలకండమ్మ ఇన్నాళ్లూ ఏ మాటకోసం పోరిందో, ఆ మాట తిట్ల మధ్యలోంచి వచ్చేసరికి ఎలా తీసుకోవాలో ఆమెకు తోచలేదు. ముందుగా మాత్రం ఒళ్లు మండింది. మళ్లీ మొదట్నుంచీ కుర్చీ, దిమ్మ, గోరు, నిట్టూర్పులు!

రంగులాయన నల్లచుక్కల అట్టముక్క ఒకటి తెచ్చి ఇచ్చాడు. చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసగా చుక్కలుంటాయి. దాన్ని బుగ్గకు ఆనించి, పాప ఏ చుక్కకు సరిపోతుందో చూసుకుంటే ఎండకు కొలత దొరుకుతుంది. దాన్నిబట్టి పైన దీపాలు పెంచుకోవచ్చు. "నీడలో కాదండీ, నిండు ఎండలో చూడండి" అని చెప్పి ఆయన లోపలికి పోయాడు.

ఇద్దరూ గేటు బయట రోడ్డు పక్కన నిలబడ్డారు. కదలకండమ్మ అట్టను వదినగారి కుడిబుగ్గకు ఆనించింది.

"నా భుజం మీదుగా దూరంగా చూడండి."

"దూరంగా ఏముందే చూడ్డానికి? చెత్త. ఈ ఆసుపత్రికి ఊడ్చేవాళ్లు లేరా?"

"వదినా, ఒక్క క్షణం."

ఈలోగా ఒకతను స్కూటరు తెచ్చి సరిగ్గా గేటుకు అడ్డంగా ఆపి, ఒకావిడ ఇంకొకావిడ బుగ్గకు అట్ట ఆనించి గుడ్లలోకి తొంగి చూస్తున్న ఆ దృశ్యాన్ని నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు.

వదినగారు మొహం అటు తిప్పింది. ఆవగింజా, మిరియం గింజా రెండూ అతనిమీదే నిలిచాయి.

"ఏమయ్యా, అది గేటనుకున్నావా, మీ ఇంటి వసారా అనుకున్నావా? రోగులు నీ బండి మీంచి దూకి వెళ్లాలా?"

"ఒక్క నిమిషం అండీ, మందులు..."

"ఆ ఒక్క నిమిషంలోనే వస్తుంది అంబులెన్సు. తియ్యి. అటు కాదు, ఆ గీత లోపల. ఇంకాస్త లోపలికి. వెనక చక్రం ఎవడు పెడతాడు, నేనా?"

అతను తీశాడు. ఆ వెనకే వచ్చిన కారు కూడా ఎవరూ చెప్పకుండానే గీత లోపలికి వెళ్లి ఆగింది.

కదలకండమ్మకు చుక్క ఎప్పుడో దొరికింది. పైనుంచి రెండోది, ఆవగింజంత. వదినగారు కన్ను పెట్టించుకునేటప్పుడు తీసిన నల్లద్దాలు నేలమాళిగలో రంగులాయన బల్లమీదే ఉండిపోయాయి. ఆవిడకు ఆ ధ్యాసే లేదు. కొలత దొరికిందంటే పని అయిపోతుంది, పని అయిపోతే అద్దాలు గుర్తొస్తాయి. అందుకని కదలకండమ్మ అట్ట దించకుండా, నెత్తి మాడిపోతున్నా, రెండు చుక్కల మధ్య తేల్చుకోలేనట్టు మొహం పెట్టి నిలబడింది.

"ఇంకెంతసేపే? ఇంత చిన్న పనికి ఇంతసేపా? ఈ ఆసుపత్రివాళ్లు నీకు జీతం ఎందుకిస్తున్నారో!" అంది వదినగారు, రెండో స్కూటరు వైపు చెయ్యి చూపిస్తూ.