వాన తర్వాత గీసిన గీత

1989లో దసరా సెలవులు ముగిసిన వారం అది. నల్గొండలో ఒక ఉన్నత పాఠశాలలో నేను వ్యాయామోపాధ్యాయుణ్ని. ఊళ్లో అందరికీ డ్రిల్లు సారును. ఆ ఏడు జిల్లా వాలీబాల్ పోటీలు మా బడి మైదానంలోనే పెట్టారు. ఫైనల్‌కు మొదటి రెఫరీగా నన్ను వేశారు. మొదటి రెఫరీ అంటే నెట్ పక్కన ఎత్తు బల్ల మీద నిలబడి ఈల ఊదేవాడు. ఆటలో అతని మాటే ఆఖరు. ఎదురుగా కింద రెండో రెఫరీ ఉంటాడు. మూలల్లో ఎర్ర జెండాలు పట్టుకుని లైన్‌మన్లు ఉంటారు. బంతి గీత లోపల పడితే జెండా కిందికి దించుతారు, బయట పడితే పైకెత్తుతారు. ఇన్ని పేర్లూ మా పుస్తకంలోనే. చూడటానికి వచ్చిన జనానికి మేమందరం అంపైర్లమే, అందరం అమ్ముడుపోయినవాళ్లమే.

నాకు అనుమానం ఎక్కువ. అప్పట్లో అది మంచి రెఫరీ లక్షణమని గర్వపడేవాణ్ని కూడా. నెట్ ఎత్తు రెండుసార్లు కొలిచేవాణ్ని. బంతిలో గాలి నొక్కి చూసేవాణ్ని. హైదరాబాదు నుంచి గట్టి ఆటగాణ్ని తెచ్చి ఊరివాడి పేరుతో దింపడం అప్పట్లో మామూలే కాబట్టి, పేర్ల జాబితా పట్టుకుని ఒక్కొక్కణ్నీ ఇంటిపేరు, వాళ్ల అవ్వ పేరు అడిగేవాణ్ని. ఆ రోజు నకిరేకల్ జట్టులో ఒకడు ఇంటిపేరు చెప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు. సొంత ఇంటిపేరుకు అంత ఆలోచనెందుకని పక్కన నిలబెట్టాను. తీరా చూస్తే పాపం, అతనికి నత్తి.

ఫైనల్‌కు వచ్చినవి పానగల్, నకిరేకల్ జట్లు. పానగల్ నల్గొండను ఆనుకునే ఉంటుంది, వాళ్ల జనం నడిచే వచ్చారు. నకిరేకల్ వాళ్లు బస్సుల్లో దిగారు. తూర్పు వైపు గీత దగ్గర లైన్‌మన్‌గా ఖాజాను పెట్టాను. ఖాజా నల్గొండలోనే ఇంకో బడిలో డ్రిల్లు మాస్టరు, నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న. మరుసటి నెల రాష్ట్రస్థాయి రెఫరీ పరీక్షకు వెళ్లాలని అతని కోరిక. నిబంధనల పుస్తకం మొత్తం ఉర్దూలో నోటుబుక్కులోకి ఎక్కించుకుని చదువుతున్నాడు. ఆ పరీక్షకు జిల్లా నుంచి ఒక్కరి పేరే వెళ్తుంది. ఎవరి పేరు వెళ్లాలో తేలేది ఫైనల్‌కు పనిచేసిన మొదటి రెఫరీ రిపోర్టు మీద. అంటే ఆ ఏడు నా రిపోర్టు మీద.

ఆట చెరి రెండు సెట్లతో సమానమై అయిదో సెట్టుకు వచ్చింది. గొడవ అక్కడే మొదలైంది. అప్పటిదాకా సర్వీసు చేసిన జట్టుకే పాయింటు వచ్చేది, ఎదుటివాళ్లు గెలిస్తే సర్వీసు మాత్రం చేతులు మారేది. కొత్త నిబంధన ప్రకారం అయిదో సెట్టులో సర్వీసు ఎవరిదైనా, బంతి గెలిచినవాళ్లకు పాయింటు. మా జిల్లా జనం అది చూడటం అదే మొదలు.

“సర్వీసు లేకుండ పాయింటు ఏంది సారూ? గిదెక్కడి లెక్క?” అని ఒక పెద్దమనిషి తాడు దాటి వచ్చేశాడు.

“పానగలోళ్ల కోసం నిన్న రాత్రి రాసిండ్రు గా రూలు,” అని వెనక నుంచి ఇంకొకరు. నకిరేకల్‌కు రెండు పాయింట్లు అలాగే వచ్చేసరికి ఆ మాటే పానగల్ వైపు నుంచి తిరిగి వినిపించింది. నిబంధన ఎవరికి లాభమైతే వాళ్లు దాన్ని ఒప్పుకున్నారు, అదీ ఆ కాసేపే.

నకిరేకల్ పదకొండు, పానగల్ తొమ్మిది మీద ఉండగా వాన దంచి కొట్టింది. ముప్పావుగంటకు తెరిపి ఇచ్చింది. ఇక వాదన మళ్లీ లేచింది. నిబంధన స్పష్టంగానే ఉంది. ఆగిన ఆటను నాలుగు గంటల లోపల అదే కోర్టులో మొదలుపెడితే స్కోరు అలాగే ఉంటుంది. వేరే కోర్టుకు మారిస్తే ఆ సెట్టు మొదటి నుంచి ఆడాలి. నాలుగు గంటలు దాటితే మొత్తం ఆటే మళ్లీ ఆడాలి. వెనకబడ్డ పానగల్ వాళ్లు రేపు ఆడిద్దామన్నారు. ముందున్న నకిరేకల్ వాళ్లు నీళ్లలోనైనా ఆడతామన్నారు. చీకటి పడేలోగా ముగించాలని నేను అదే కోర్టులో ఆట అన్నాను. రంపపు పొట్టు, బూడిద, గోనె సంచులు తెమ్మంటే పానగల్ వైపువాళ్లు నింపాదిగా కదిలారు. కావాలనే ఆలస్యం చేస్తున్నారని అనుకున్నాను. వాళ్లలో ఎవరెవరు మెల్లగా నడుస్తున్నారో కూడా గుర్తు పెట్టుకున్నాను.

మా కోర్టు మొరంతో, అంటే ఎర్ర గరుకు మట్టితో వేసింది. నీళ్లు నిలవకుండా మధ్యలో కాస్త ఎత్తుగా, రెండు చివరలకూ వాలుగా చదును చేసేవాళ్లం. అందుచేత నెట్ దగ్గర పక్క గీతలు మసకగానైనా మిగిలాయి కానీ చివరి గీతలు రెండూ కొట్టుకుపోయాయి. మళ్లీ గీయాలి. కొలతకు మా బడిలో ఇనుప టేపు లేదు, ఉన్నది తుప్పు పట్టి విరిగిపోయింది. నేను చేరిన ఏడే ఒక జనుప తాడుకు తొమ్మిది మీటర్ల దగ్గర ఎర్రగుడ్డ ముడి వేసి పెట్టుకున్నాను. జిల్లాలో చాలా బళ్లలో అదే పద్ధతి. ఆ తాడు వానంతసేపూ నెట్ కర్రకు వేలాడుతూ ఉంది. ఒకరు నెట్ కింద కొస పట్టుకోవాలి, ఇంకొకరు లాగి, ముడి వచ్చిన చోట గుర్తు పెట్టి సున్నపు పొడి పోయాలి. తూర్పు గీతకు నేను కొస పట్టుకున్నాను, ఖాజా సున్నం పోశాడు. పడమటి గీతకు అతను పట్టుకున్నాడు, నేను పోశాను. పది నిమిషాల్లో ఆట మొదలుపెట్టాను.

నకిరేకల్ పద్నాలుగు, పానగల్ పదమూడు. ఇంకొక్క పాయింటు వస్తే కప్పు నకిరేకల్‌ది. వాళ్ల కెప్టెన్ యాదగిరి ఎగిరి, తూర్పు వైపు లోతుగా కొట్టాడు. బంతిని ఎవరూ ముట్టుకోలేదు. ఖాజా జెండా పైకి లేచింది. బయట. నేను ఈల ఊది పాయింటు పానగల్‌కు ఇచ్చాను. తర్వాతి రెండు పాయింట్లూ వాళ్లే తీసుకున్నారు. పదహారు, పద్నాలుగు. పానగల్ గెలిచింది.

యాదగిరి అరవలేదు. నన్ను బల్ల దిగమని, ఆ చోటుకు తీసుకుపోయాడు. తడి మట్టిలో బంతి గుర్తు గుండ్రంగా, గీతకు నాలుగు వేళ్లు అవతల ఉంది. ఖాజా చెప్పింది నిజమే. కానీ యాదగిరి అడిగింది ఇంకోటి.

“సార్, పొద్దటి సంది గా మూలకే కొడ్తున్న. ఒక్కటి బయటికి పోలే. నా చెయ్యికి తెల్వదా? గుర్తు ఉన్నకాడనే ఉన్నది. గీతనే లోపటికి వచ్చింది.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. అతను అబద్ధమాడుతున్నట్టు లేదు. అప్పటికే జనం చుట్టూ మూగారు. మొదట తిట్లన్నీ నాకే పడ్డాయి. ఇంతలో ఎవరో, “గీత గీసింది ఖాజా మాస్టరు గదా. ఆయన బామ్మర్ది పానగల్లనే ఉంటడు,” అన్నారు. అందరి చూపూ ఒక్కసారి నా మీద నుంచి అతని మీదికి తిరిగింది. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఖాజా జెండా చుట్టి చంకలో పెట్టుకుని నా వైపు చూశాడు, నేను ఏదైనా అంటానని. నేను స్కోరుషీటు మీద సంతకాలు చూసుకుంటూ నిలబడ్డాను.

ఇంటికి పోయి రిపోర్టు రాశాను. తూర్పు గీత గీసినవారు లైన్‌మన్ ఖాజా అని, వారికి పానగల్‌లో బంధుత్వం ఉన్నట్లు తెలిసిందని, గీత విషయంలో అనుమానానికి తావున్నదని. ఒక్క వాక్యంలోనూ అతను తప్పు చేశాడని లేదు. ఆ మాత్రం తెలివి నాకుంది. అలాంటి రిపోర్టు చదివిన కమిటీ ఏం చేస్తుందో కూడా నాకు తెలుసు. అనుకున్నట్టే మర్నాడే పరీక్షకు ఇంకొకరి పేరు పంపారు.

అయినా నా అనుమానం తీరలేదు. దానికి రుజువు కావాలి. మూడో రోజు పొద్దున, రోడ్డు పనుల ఓవర్‌సీరు దగ్గర ఇనుప టేపు అడిగి తెచ్చుకున్నాను. సున్నం తడి మొరంలో గట్టిపడి గీతలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. నెట్ కింది నుంచి తూర్పు గీతకు కొలిచాను. జానెడు తక్కువ. పట్టుకున్నాను దొంగను అనుకున్నాను. నిజంగానే సంతోషం కలిగింది.

టేపు చుట్టేసి పోవలసినవాణ్ని. ఎదుటి గీతతో పోల్చి రాస్తే రుజువు ఇంకా గట్టిగా ఉంటుందని పడమటి వైపు కూడా కొలిచాను. అక్కడా జానెడు తక్కువే. అది నేను సున్నం పోసిన గీత.

తర్వాత సామాను గదిలోంచి తాడు తెచ్చి టేపు పక్కన పరిచాను. ఈలోగా పూర్తిగా ఎండిపోయిన తాడు, ముడి సరిగ్గా తొమ్మిది మీటర్ల దగ్గరే ఉంది. బకెట్ నీళ్లలో ముంచి, కాసేపు నాననిచ్చి, మళ్లీ పరిచాను. ముడి జానెడు వెనక్కి వచ్చింది. తడిస్తే నులక మంచం బిగుసుకుంటుందని మా ఇంట్లో అవ్వకు కూడా తెలుసు. నెట్ రెండుసార్లు కొలిచి, బంతి నొక్కి, మనుషుల ఇంటిపేర్లు అడిగిన నేను నా చేతిలోని తాడును ఒక్కసారీ అనుమానించలేదు. యాదగిరి చెయ్యి చెప్పింది నిజం, ఖాజా కన్ను చెప్పిందీ నిజం. అబద్ధమైంది నా కొలత.

ఆ రోజే రెండో రిపోర్టు రాసి కమిటీ కార్యదర్శికి స్వయంగా ఇచ్చాను. తప్పు నాదేనని, ఖాజా మీద రాసిన వాక్యం కొట్టేయమని అడిగాను. ఆయన చదివి సొరుగులో పెట్టాడు. “ఇప్పుడెందుకు సారూ? అంత సల్లబడ్డది. పరీక్షకు పేరు గూడ పోయింది. మళ్ల లేపితె పానగలోళ్లు ఊకుంటరా?” అన్నాడు. ఫలితం మారదని నాకూ తెలుసు. స్కోరుషీటు మీద సంతకాలయ్యాక మొదటి రెఫరీ నిర్ణయాన్ని మార్చే నిబంధన లేదు. ఖాజా పేరు విషయంలో మాత్రం గట్టిగా పట్టుబట్టాను. వచ్చే ఏడు చూద్దామన్నాడు.

అక్కడి నుంచి ఖాజా బడికి వెళ్లాను. విరామంలో వరండాలో దొరికాడు. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. తాడు సంగతి, రెండు రిపోర్టుల సంగతీ మొత్తం చెప్పాను. రిపోర్టులోకి తన బామ్మర్ది మాట ఎట్లా వచ్చిందని అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

“సార్, బాల్ ఏడ పడ్డదో చూసిన. చూసింది జెండతోని చెప్పిన,” అన్నాడు. “మీరు చూడంది రాసిండ్రు.”

గంట కొట్టారు. అతను ఈల మెడలో వేసుకుని పిల్లల దగ్గరికి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు అతని పేరు వెళ్లింది, పరీక్ష పాసయ్యాడు. తర్వాత నా కంటే పెద్ద ఆటలకే ఈల ఊదాడు. జిల్లా పోటీల్లో నేను ఉన్న జాబితాలో అతని పేరు వస్తే మాత్రం వేరే పనుందని చెప్పి తప్పుకునేవాడు. నేనూ బతిమాలలేదు.

పదవీ విరమణ దాకా ఇంకెన్నో ఫైనళ్లకు రిపోర్టులు రాశాను. అనుమానించడం మానలేదు, రెఫరీకి అది లేకపోతే పని సాగదు. కాకపోతే మనిషి కన్నా ముందు సామాను చూడటం నేర్చుకున్నాను. చూసింది, కొలిచింది మాత్రమే రాశాను. ఎవరి మీదనైనా ఎవరైనా వచ్చి ఏదైనా చెబితే, అదే ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టమనేవాణ్ని. ఇన్నేళ్లలో ఒక్కరూ పెట్టలేదు.