అన్నకు అందని నూనె

డెబ్భైల మొదట్లో గోదావరిఖనిలో మా అన్న కామెర్లతో చనిపోయాడు. గనిలో బొగ్గు నింపేవాడు, నాకంటే ఆరేళ్లు పెద్ద. దవాఖానలో మగవాళ్ల వార్డులో రాత్రి ఆడవాళ్లమని అమ్మనూ నన్నూ ఉండనివ్వలేదు. అన్నతో కలిసి పనిచేసే స్నేహితుడే పక్కన కూర్చున్నాడు. తెల్లవారేసరికి ప్రాణం పోయింది.

చావు దగ్గరపడ్డవాళ్ల నుదుట ఫాదర్ నూనె పూసి పాపక్షమాపణ పలకడం మా కథోలికుల ఆచారం. కబురందుకుని ఫాదర్ బస్సు దిగేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి అన్న చేతులకు జపమాల చుట్టి పెట్టెలో పడుకోబెట్టాము.

"వాడు చర్చిల పూజకు రాక ఏడాదాయె, ఫాదర్. నూనె గూడ అందకపాయె. ఇప్పుడు వాడు యాడున్నడంటరు?" అని అడిగింది అమ్మ.

"దేవుని చేతుల్లోనే ఉన్నాడమ్మా," అన్నాడాయన. ఆ మాట అమ్మకు ఆనలేదు.

శవయాత్రకు ముందు సిలువ నడిచింది. క్వార్టర్లలోని హిందువులు కూడా భుజం పట్టారు. గుంత దగ్గర ఫాదర్ తీర్థం చల్లాక అందరం తలా పిడికెడు మట్టి వేశాము. పెట్టె మీద అది పడ్డ చప్పుడు నన్ను వదల్లేదు. చేటలో బియ్యం పోసినా అదే వినిపించేది.

అమ్మ జపమాల ముట్టడం మానేసింది. సాయంత్రం గని సైరన్ మోగగానే మాత్రం అన్న స్నానానికి నీళ్లు కాగబెట్టేది. నేను వద్దనలేకపోయాను. ఒకరోజు స్నానాల తడక వెనక దగ్గు వినిపించింది, అన్నదే. వెళ్లి చూస్తే తడి బండ తప్ప ఏమీ లేదు. తిరిగి వచ్చేసరికి అమ్మ నా మొహం చూసింది.

"నీకు గూడ వినవడ్డదా?" అంది మెల్లగా.

నెల దాటాక ఆ స్నేహితుడు వచ్చాడు. గడప దగ్గరే కూర్చున్నాడు.

"అవ్వా, మొన్ననే చెప్పాల్సింది. ధైర్యం చాలలే. ఆ రాత్రి నన్ను లేపి, 'మా అమ్మ చదివే జపం నీకు వస్తదా' అన్నడు. రాదన్న నేను. 'నేను చదువుత, నువ్వు ఆమెన్ అను' అన్నడు. సగం దాక చదివిండు, గొంతు ఆగింది. నేను ఆమెన్, ఆమెన్ అనుకుంటనే కూసున్న. తప్పయిందో ఏమో."

అమ్మ గడప దాకా వచ్చి అతని ఎదుట కూర్చుంది.

"ఏ మాట కాడ ఆగిండు బిడ్డా?"

"యాది లేదవ్వా."

"నువ్వేం తప్పు జేయలే," అంటూ అమ్మ మొదటిసారి బయటికి ఏడ్చింది.

ఆ సాయంత్రం గూట్లోంచి జపమాల తీసింది. మంగళవార్త జపం సగానికి వచ్చాక ఆగి, ఊపిరి తీసుకుని, చావు వేళ పాపుల కోసం ప్రార్థించమని మరియమ్మను అడిగే మిగతా సగం పూర్తి చేసింది. బతికినన్నాళ్లూ అలాగే చదివింది. నిద్ర పడుతోందని, మనసు కుదుటపడిందని చెప్పేది. నిజమే అయి ఉంటుంది. ఆమె ఆగిన ఆ కాసేపట్లో మాత్రం నేను తల ఎత్తేదాన్ని కాదు. గదిలో మా ఇద్దరిది కాని ఊపిరి ఒకటి ఉన్నట్టుండేది.