కారుకి గాలి కొట్టబోయిన రోజు

మొన్న మా ఊళ్లో సాక్చి బజారులో ఎవరో పాత కారు బానెట్ ఎత్తారు. గుప్పున పెట్రోలు వాసన వచ్చేసరికి ఎనిమిదేళ్ల పిల్లనై అక్కడే నిలబడిపోయాను.

నాన్న ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసేవాడు. గాలి కొడితేనే మంట బతుకుతుందని ఇంట్లో రోజూ వినేదాన్ని. అందుకే మా సెకండ్ హ్యాండ్ కారు రొప్పుతూ ఆగిపోయి, "ఈ డొక్కు బండి అమ్మీండి" అని అమ్మ విసుక్కున్నప్పుడు, దాన్ని బతికించాలని సైకిల్ పంపు పట్టుకుని పరిగెత్తాను.

నాన్న పగలబడి నవ్వాడు. "దీనికి గాలి కొట్టక్కర్లేదే! దానంతట అదే పీల్సుకుంటాది. సెయ్యెట్టి సూడు."

ఎర్రదుమ్ముతో మూసుకుపోయిన గాలి ఫిల్టర్ తీసేసి ఇంజిన్ స్టార్ట్ చేశాడు. గాలి పీల్చే కార్బురేటర్ నోటి మీద అరచెయ్యి పెట్టానో లేదో, చప్పున పట్టేసుకుంది!

"నాన్నా, ఖీంచ్ రహా హై!" లాగేస్తోందని, బళ్లో అలవాటైన హిందీలో అరుస్తూ గంతులేశాను.

"లోపల రేకు సూసినావా? యాక్సిలరేటర్ తొక్కితే అది తెరుసుకుంటాది, అంతే. మనం తోసేదేటీ లేదు."

కారు అమ్మలేదు. నేను ఇంజిన్ల చదువే చదివాను. చదవమని నాన్న నన్నెప్పుడూ తోయలేదు. ఆ సాయంత్రం నేను చాలనేదాకా బానెట్ మూయలేదు, అంతే.