గమనిక లేని పట్టిక

గణాంకాల ఆఫీసులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ గమనికమ్మే. కింద చిన్నక్షరాల గమనిక లేకుండా ఏ పట్టికా ఆమె బల్ల దాటేది కాదు. ఎలా లెక్కపెట్టారో, ఏది కలిపారో, ఏది వదిలేశారో రాసి తీరాల్సిందే.

"మీ పెళ్ళి శుభలేఖ కిందా గమనిక ఉందటగా అమ్మా?" అని పై అధికారి ఆటపట్టిస్తే, "ఉంది సార్, భోజనాల వేళ మారవచ్చని" అనేది.

అలాంటి మనిషి ఇంట్లో గమనిక లేని పట్టిక ఒకటి తయారుచేసింది.

ఆమె భర్త ల్యాబ్ టెక్నీషియన్. సముద్రం అవతల ఒక చిన్న దేశంలో, పెద్దాసుపత్రిలో అతనికి ఉద్యోగం వచ్చింది. ఏళ్ళుగా కోరుకున్న పని. సోమవారంలోగా జవాబు చెప్పాలి. పాపకేమో ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఆదివారం పొద్దున ఆమె ఒక కాగితం తెచ్చి అతని కాఫీ కప్పు పక్కన పెట్టింది. ఏడాదికి లక్ష మందిలో జరిగే హత్యలు: ఇక్కడ మూడు, అక్కడ ఆరు.

"రెట్టింపు. పిల్లనేసుకుని ఎలా వెళ్తామండీ?"

అతను వాదించలేదు. పాపకు సాక్సు తొడుగుతూ, "సరేలే, రానని రాసేస్తా" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఆమెకు గుచ్చుకున్నది అదే.

కాసేపటికి కాగితం తిప్పి చూసి, "కింద ఖాళీగా ఉందేంటి? గమనికమ్మ సెలవులో ఉందా?" అన్నాడు.

"ఊరుకోండి" అంది గానీ, మనసు ఊరుకోలేదు. మధ్యాహ్నం పాప ఒళ్ళో నిద్రపోతుంటే పాత ఏళ్ళ లెక్కలు తీసింది. అక్కడ ఎప్పుడూ రెండుకు అటూ ఇటూగానే ఉంది. ఒక్క నిరుడే ఆరైంది. నిరుడు ఎవడో ఒక లాడ్జికి నిప్పంటించాడు. పన్నెండు మంది పోయారు. దేశ జనాభా మూడు లక్షలు. అంటే లక్షకు నాలుగు, ఆ ఒక్క మంటలోనే. పైగా అక్కడ అనుమానం ఉన్న చావును ముందే హత్యల్లో రాసుకుంటారు, ఇక్కడ విచారణ తేలాకే. ఆ పన్నెండు మందిలో పిల్లలున్నారేమో అనుకుంది. పాపను ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది.

భర్త వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె అంతా చెప్పింది.

"అయితే అక్కడే నయమా?"

"అలాగని చెప్పలేను. అంత చిన్న దేశంలో ఒక్కడు చాలు, అంకె తలకిందులవడానికి. అయినా ఇవి దేశం సంగతి చెప్తాయి గానీ, మన పాప సంగతి చెప్పవు. భయం నాది. తీసుకెళ్ళి అంకెలకు అంటగట్టాను."

"ఆ భయం నాకూ ఉందిలే" అన్నాడతను మెల్లగా. "నేను కాగితం మీద పెట్టలేదు, అంతే."

ఆమె పాప నుదుటి మీది చెమట తుడిచింది. "జవాబు రాసేటప్పుడు, వాళ్ళిచ్చే ఇంట్లో కిటికీలకు ఊచలున్నాయో లేదో అడగండి. ఇది కుర్చీలెక్కడం మొదలుపెట్టింది."

"వస్తానని రాసి, అది కింద గమనికగా పెడతా" అన్నాడు.