ఎర్ర తీగ ఎటు?

ఆల్డెన్ ముప్పై ఎనిమిదేళ్లు వెర్మాంట్ కొండల్లో టెలిఫోను స్తంభాలెక్కిన మనిషి. రిటైరై పదేళ్లు దాటినా జేబులో పటకారు లేకుండా చర్చికి కూడా వెళ్లడు. ఒక్కటే లోపం. కబుర్లు మొదలుపెట్టాడంటే ఒళ్లు మరిచిపోతాడు. కిందటి మార్చిలో మేపుల్ చెట్ల నుంచి తీసిన రసం పాకం కోసం పొయ్యి మీద మరుగుతుంటే, పక్క తోట ప్రెస్కట్‌కు మంచు తుఫాను కథ చెబుతూ పెనం కాస్తా మాడ్చేశాడు.

భార్య రోవీనా ఆ రోజే తేల్చి చెప్పింది. "పాకం వచ్చిందని చెప్పే గంట ఉంటేనే వచ్చే ఏడు పొయ్యి వెలిగేది. లేదంటే మన రసం ప్రెస్కట్ షెడ్డుకే పోతుంది. నువ్వు హాయిగా వరండాలో కూర్చుని కబుర్లు చెప్పుకో."

ఆ మాట ఆల్డెన్‌కు గట్టిగానే తగిలింది. పాకం వండని మార్చి నెల అతనికి మార్చే కాదు. చలికాలమంతా కూర్చుని అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డుతో కుస్తీ పట్టాడు. పెనంలో ఉన్న సెన్సర్ వేడి చూడాలి, పాకం వేడి రెండు వందల పందొమ్మిది డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరగానే పాత టెలిఫోను గంట మోగాలి. బోర్డు నుంచి పెనం దాకా పాత ఫోను తీగే లాగాడు. సెన్సర్ వైపు సన్న తీగలు అతని చూపుకు ఆనవు కనక అవి రోవీనా కలిపింది.

ఇవాళ రసం తొట్టి నిండింది. ఎండ కాస్తోంది, సాయంత్రం దాకా ఉంచితే రసం పులుస్తుంది. బోర్డు చూస్తే మొండికేసింది. సెన్సర్ తగిలించకపోతే బుద్ధిగా ఉంటుంది. తగిలిస్తే దాని దీపం ఆరి, వెలిగి, మళ్లీ ఆరి, ఎంతసేపటికీ మొదటికే వస్తుంది. ఆల్డెన్ అడాప్టర్ మార్చాడు, ప్రోగ్రాం మళ్లీ ఎక్కించాడు, కొత్త బోర్డు పెట్టాడు. అదీ అదే వరస.

"ప్రెస్కట్‌కి ఫోన్ చెయ్యనా?" అంది రోవీనా.

"చెయ్యి. ఆ లైను వేసింది కూడా నేనే," అన్నాడు గానీ లోపల బెంగగానే ఉంది.

రోవీనా సెన్సర్ పట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఇదేంటి, కాలిపోతోంది! పొయ్యింకా ముట్టించనే లేదు కదా!"

ఆల్డెన్ గబుక్కున ప్లగ్గు పీకేశాడు. "నీ వైపు ఎర్ర తీగ దేనికి కలిపావు?"

"ప్లస్‌కి. ఇంక దేనికి కలుపుతారు? ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు తోలా, దాని బ్యాటరీకి అట్లాగే బిగించా."

"ఫోను తీగల్లో ఎర్రది మైనస్! ప్లస్సు ఆకుపచ్చది. బోర్డు దగ్గర నేనట్లాగే కలిపా!"

"లోకమంతా ఒక దారి, నీ కంపెనీది ఇంకో దారి!"

"కార్లకంటే ముందే మేమున్నాం."

"ఉన్నార్లే. ఆ రెండు తీగలూ మార్చు, ముసలోడా."

మార్చాడు. సెన్సర్ చల్లారాక తగిలిస్తే దీపం నిలకడగా వెలిగింది. ఆల్డెన్ పకపకా నవ్వాడు. ఊరందరి తీగల్లో తప్పులు వెతికినవాడు తన అలవాటునే చూసుకోలేకపోయాడు.

పొయ్యి అంటుకుంది, షెడ్డంతా తియ్యటి ఆవిరి కమ్ముకుంది. ఆ వాసనకు ప్రెస్కట్ రానే వచ్చాడు, ఆల్డెన్ మంచు తుఫాను కథ ఎత్తుకోనే ఎత్తుకున్నాడు. స్తంభం మీద తాను ఒంటరిగా చిక్కుకున్న ఘట్టంలో గంట గణగణ మోగింది. ఆల్డెన్ చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి వెళ్లింది.

"ఎవరట?" అంది రోవీనా.

"పాకమట. వచ్చేశానంటోంది."

"అయితే దాంతో కబుర్లు పెట్టుకోక, పెనం తూము తియ్యి."