చిక్కు దగ్గర ఆగే పాట

నా చిన్నప్పుడు నాకు జడ వెయ్యడమంటే మా ఇంట్లో ఒక కచేరీ. షికాగో పక్కనున్న మా షామ్‌బర్గ్‌లో మంచు దిబ్బలుగా పడనీ, స్కూల్ బస్సు వీధి మలుపు తిరగనీ, మా నానమ్మకి తొందర ఉండేది కాదు. నన్ను ముందు కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె రాసి, దువ్వుతూ పాడేది. మాటలు ఆమె సొంతం, రోజుకో రకం. అందులో ఆ పూట వండిన కూర ఉండేది, ఎదురింటి కుక్క ఉండేది, నా అల్లరి ఎలాగూ ఉండేది. చిక్కు తగిలినచోట మాత్రం పాట ఆగిపోయేది. వేళ్లతో మెల్లగా చిక్కు తీసి, ఆగినచోటి నుంచే మళ్లీ అందుకునేది.

ఆ గొంతు మా బాబాయికి వచ్చింది. నాన్నకి తమ్ముడు. ఇంజనీరింగ్ చదవడానికి షికాగో వచ్చి, అది సగంలో వదిలేసి ఒపెరా పాట నేర్చుకుంటున్నాడు. మాట్లాడితే గొంతు బొంగురుగా ఉండేది కానీ, పాడితే ఆడవాళ్ల స్థాయిలో తీయగా, నిండుగా పలికేవాడు. అలా పాడే మగవాళ్లని కౌంటర్‌టెనర్ అంటారని, పాత ఇటాలియన్ ఒపెరాల్లో మహారాజుల పాత్రలు కూడా ఆ గొంతుకే రాశారని మాకు ఓపిగ్గా చెప్పేవాడు. తల్లీకొడుకుల్లో ఎవరు పాడుతున్నారో తెలియక చస్తున్నానని మా తాతయ్య ఆటపట్టించేవారు.

నాకు ఏడేళ్లు నిండిన చలికాలంలో నానమ్మ పోయింది. ఆ తరవాత బాబాయి నోరు విప్పితే చాలు, తాతయ్య లేచి గరాజ్‌లోకి వెళ్లిపోయేవారు. కొడుకు ఆడగొంతుతో పాడటం ఆయనకి నామోషీగా ఉందని ఇంట్లో అందరం అనుకున్నాం. బాబాయి కూడా అలాగే అనుకుని లోలోపల కుమిలిపోయాడు.

నేనేమో నా జుట్టు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నానమ్మే వచ్చి వెయ్యాలని మొండికేశాను. జుట్టంతా ఉండ కట్టింది. అమ్మ బతిమాలింది, తిట్టింది, చివరికి ఏడ్చింది. ఇక లాభం లేదని, శనివారం పొద్దున కత్తిరించేయడానికి కత్తెర తీసింది. నానమ్మ పెంచిన జుట్టు అది. నేను బల్ల కింద దూరి బయటికి రానన్నాను.

సరిగ్గా అప్పుడే బాబాయి వచ్చాడు. అమ్మ చేతిలోంచి కత్తెర తీసుకుని పక్కన పెట్టేశాడు. నన్ను బయటికి లాగి, కోటైనా విప్పకుండా నా వెనక కూర్చుని, నూనె రాయడం మొదలుపెట్టాడు. కాసేపటికి పాట వచ్చింది. అదే స్థాయి, అదే వరస. చిక్కు తగలగానే ఆగింది. జడ వేస్తున్నప్పుడు వెనకున్న మనిషి కనబడరు కదా. బాబాయే అని తెలిసి కూడా నేను తల తిప్పలేదు. తిప్పితే నానమ్మ వెళ్లిపోతుందని భయం వేసింది. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నా కదలకుండా కూర్చున్నాను.

మెట్ల మీద చప్పుడైంది. తాతయ్య రెయిలింగ్ పట్టుకుని ఆ మెట్టు మీదే కూర్చుండిపోయారు.

"ఆపరా నాయనా," అన్నారు. "అది మీ అమ్మ గొంతు. మనిషి లేకుండా గొంతొక్కటే వస్తుంటే నేనెట్లా తట్టుకునేది?"

బాబాయి ఆపేశాడు. మిగతా జడ చప్పుడు లేకుండా వేశాడు. రిబ్బన్ కట్టి, నా చెవి దగ్గర చెప్పాడు: "మా అమ్మ నాకు నేర్పింది ఇదేరా బంగారం. నొప్పి ఉన్నచోట పాట ఆపాలి. తాతయ్యకి అక్కడ నొప్పిగా ఉంది."

ఆ మాట మీదే నిలబడ్డాడు, తాతయ్య వినేలా మళ్లీ పాడలేదు. బయట మాత్రం ఊరూరా పాడాడు. ఒక ఏడాది మహారాజు, మరో ఏడాది మాంత్రికుడు, ఇంకోసారి జనాన్ని పడీపడీ నవ్వించే గయ్యాళి ముసలమ్మ. కొత్తగా రాసిన ఇంగ్లిష్ ఒపెరాల్లో దేవదూత వేషం కూడా కట్టాడు. ఏది ఇచ్చినా చేస్తాడని పేరొచ్చింది. తాతయ్య ఒక్కదానికీ రాలేదు. రమ్మని బాబాయి అడగనూ లేదు. మా పక్కన ఒక కుర్చీ మాత్రం ప్రతిసారీ ఖాళీగా ఉంచేవాడు.

నాకు పిల్లలు పుట్టాక తాతయ్య మంచం పట్టారు. ఒక మధ్యాహ్నం బాబాయిని దగ్గరికి పిలిచారు.

"ఇప్పుడు పాడరా. ఇప్పుడు వినగలను."

అప్పటికి బాబాయి వేషాలు మానేసి చాలా కాలమైంది. వయసుతోపాటు పైస్థాయి జారిపోయింది. ఆ సంగతి తాతయ్యకి ఎవరూ చెప్పలేదు. బాబాయి మంచం అంచున కూర్చుని, ఊపిరి తీసుకుని, వాళ్లమ్మ పాట ఎత్తుకున్నాడు. రెండో చరణానికి గొంతు చీలిపోయింది. మళ్లీ ప్రయత్నించాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. జీవితమంతా ఎవరెవరికో పాడిన మనిషి, కన్నతండ్రి అడిగిన రోజున పాడలేక మొహం కప్పుకున్నాడు. అంత దుఃఖం నేను ఏ స్టేజీ మీదా చూడలేదు.

తాతయ్య కళ్లు తెరవలేదు. చెయ్యి చాపి కొడుకు మోకాలు తడిమారు.

"చిక్కు తగిలినట్టుంది," అన్నారు. "తీసుకో నాయనా. నేను ఆగుతాను."

ఆ సాయంత్రమే ఆయన పోయారు.

ఇప్పుడు నా మనవరాలికి నేను జడ వేస్తాను. నాకు రాగం రాదు, ఏదో కూనిరాగం తీస్తాను. చిక్కు తగలగానే ఆపేస్తాను. "వై డిడ్ యూ స్టాప్, అమ్మమ్మా?" అంటుంది. ఆగమంటాను. వేళ్లతో మెల్లగా తీస్తాను. అది వెనక్కి తిరిగి చూడదు. అలా చూడకుండా ఉన్నంతసేపూ నా వెనక ఇంకెవరో కూర్చుని నా జుట్టు దువ్వుతున్నట్టే ఉంటుంది.