టైలరమ్మ తిట్టుకుంటూ చదివిన నవల

టైలరమ్మకి భయమేస్తే దేవుడు గుర్తురాడు, హత్యలు గుర్తొస్తాయి. ఎవరేమనుకున్నా సరే, అది ఆమె తీరు. పురిటికి వెళ్లినప్పుడు చేతిలో డిటెక్టివ్ నవలే. కొట్టు పక్కన నిప్పంటుకున్న రోజూ అదే రచయిత పుస్తకం పట్టుకుని రోడ్డు మీద నిలబడి చదివింది. పుస్తకం అయ్యేలోపు ప్రతిసారీ గండం గడిచింది. దాంతో ఆ రచయిత మీద ఆమెకి గురి కుదిరిపోయింది.

ఈసారి గండం మొగుడిది. ఆయన బస్సు డ్రైవరు, గుండెకి ఆపరేషన్. లోపలికి తీసుకెళ్తుంటే ఆమె చేతిలో ఆ రచయిత కొత్త నవల చూసి, "ఇటుకంత ఉందే. నేను బయటికొచ్చేదాకా నీకు ఢోకా లేదు" అన్నాడు.

బయట బెంచీ మీద కూర్చుని పుస్తకం తెరిచింది. ఖర్మ, హత్య జరగడానికే వంద పేజీలు పట్టింది. తర్వాత డిటెక్టివుకి చిన్నతనం గుర్తొచ్చింది. మేనత్త గుర్తొచ్చింది. మేనత్త పెంచిన కుక్క గురించి ఏకంగా ఒక అధ్యాయం. ఇదివరకు ఈయన పుస్తకం పడితే పక్కన పిడుగు పడ్డా తెలిసేది కాదు. ఇప్పుడు ప్రతి వాక్యం మధ్యా ఆపరేషన్ గది తలుపే కనిపిస్తోంది.

"ఈ రచయితకేం మాయరోగం వచ్చింది? నా కత్తెరకి అప్పగిస్తే సగం వదులు తీసేద్దును" అంది పక్కనున్న ఆడపడుచుతో.

"నచ్చకపోతే మానెయ్ వదినా."

"మానకూడదు."

ఎందుకో చెప్పలేదు. చెబితే ఆవిడ నవ్వుతుంది. ఆవిడ నవ్వితే తనకి ఏడుపొస్తుంది.

డాక్టరు చెప్పిన వేళ దాటిపోయింది. ఆడపడుచు కనుక్కుని వచ్చి, "ఇంకా చేస్తున్నారట" అంది. టైలరమ్మ మిగిలిన పేజీలు వేలితో తడిమి చూసింది. అమ్మో, ఇంతేనా. అంతసేపూ తిట్టిన మనిషే ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదవసాగింది. చదివిన పేజీనే మళ్లీ చదివింది. హంతకుడు దొరికిపోయాడు. ఎవడైతేనేం. ఇంకో మేనత్తని పట్టుకురావయ్యా బాబూ, ఆ కుక్కకి పిల్లల్ని పుట్టించు అని మనసులోనే రచయిత కాళ్లావేళ్లా పడింది.

ఒక్క పేజీ మిగిలింది. తలుపు తెరుచుకుంది.

"డ్రైవరుగారి తాలూకు ఎవరండీ?" అంది నర్సు.

టైలరమ్మ తలెత్తలేదు. ముఖం చూస్తే సంగతి తెలిసిపోతుంది. "ఒక్క నిమిషమమ్మా. ఇంకో పేజీ ఉంది" అంది.

ఆడపడుచే లేచి వెళ్లింది. ఇద్దరూ ఏదో గుసగుసలాడారు. టైలరమ్మ కళ్ల ముందు అక్షరాలు అలుక్కుపోయాయి. భుజం మీద చెయ్యి పడింది.

"అన్నయ్య బాగానే ఉన్నాడు వదినా. లే, చూద్దువుగాని."

పుస్తకం మూసి, గుండెకి అదుముకుని బావురుమంది.

ఆ పేజీ ఈనాటికీ చదవలేదు. మొగుడు డ్యూటీ నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, పుస్తకం తీసి, అది ఇంకా మిగిలే ఉందని చూసుకుంటుంది.